చివరి బోరుకు అందే వోల్టేజి: ఓమ్ నియమం బోధనపై ఒక పరిశీలన

గుంతకల్లు చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఓమ్ నియమాన్ని పదో తరగతి పుస్తకంలో చదవకముందే చేలో చూసి ఉంటారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న బోరు ధారగా నీళ్లు పోస్తుంది. అదే లైన్‌లో చివరనున్న బోరు మూలుగుతుంది. పక్క చేలలో మోటార్లు ఆపితే గానీ దానికి ఊపు రాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో, బోరు మీద ఆధారపడిన ఇంట్లో లోవోల్టేజి అన్నది పిల్లలకు కొత్త మాట కాదు. 6 వోల్టులు, 3 ఓమ్‌లు ఇచ్చి కరెంటు ఎంత అంటే ఆ పిల్లలే 2 ఆంపియర్లని తప్పులేకుండా రాస్తారు. చివరి బోరుకు వోల్టేజి ఎందుకు తగ్గిందని అడిగితే మాత్రం, "ముందున్న మోటార్లు కరెంటు వాడేసుకుంటాయి" అన్న జవాబు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఆ జవాబు ఎందుకంత సహజమో, దాన్ని సరిదిద్దడానికి సూచించే పద్ధతుల్లో దేనికి ఎంత ఆధారం ఉందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

విద్యుత్ వలయాల గురించి విద్యార్థులు ఎలా ఆలోచిస్తారన్న దానిపై నలభై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది. 1983లో ఇజ్రాయెల్‌లో కోహెన్, ఎయ్లన్, గానియెల్ ఉన్నత పాఠశాల విద్యార్థులతో పాటు ఉపాధ్యాయులకూ ప్రశ్నలిచ్చి చూశారు. వాళ్లు గుర్తించిన ముఖ్యమైన విషయం ఇది: విద్యార్థుల మనసులో మొదటి స్థానం కరెంటుది. వోల్టేజి అన్నది కరెంటు పారడం వల్ల పుట్టే ఫలితమని వాళ్లు అనుకుంటారు. బ్యాటరీకి ఏం తగిలించినా అది ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందన్న నమ్మకం కూడా బలంగా ఉంటుంది. తర్వాత 1988లో షిప్‌స్టోన్, ఆయన సహ పరిశోధకులు ఇంగ్లండు, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, స్వీడన్, పశ్చిమ జర్మనీలలో 15 నుంచి 17 ఏళ్ల విద్యార్థులను పోల్చి చూశారు. పాఠ్యాంశాలు వేరు, భాషలు వేరు. తప్పులు మాత్రం ఒకే తీరులో కనిపించాయి. మన విద్యార్థుల మీద చేసిన అధ్యయనాలు కాకపోయినా, ఈ ఫలితాలను మన తరగతి గదికి ప్రాథమిక అంచనాగా తీసుకోవచ్చని నేననడానికి కారణం ఈ పోలికే.

అమెరికాలో లిలియన్ మెక్‌డెర్మాట్, పీటర్ షాఫర్ 1992లో ప్రచురించిన ప్రశ్న చూడడానికి చాలా చిన్నది. ఒకేలాంటి అయిదు బల్బులు, ఒకేలాంటి మూడు బ్యాటరీలు. మొదటి వలయంలో ఒకే బల్బు. రెండోదానిలో రెండు బల్బులు శ్రేణిలో. మూడోదానిలో రెండు బల్బులు సమాంతరంగా. బ్యాటరీలకు అంతర్నిరోధం లేదనుకుని, బల్బులను వెలుగు క్రమంలో పెట్టమన్నారు. లెక్క ఒక్కటీ లేదు. ఒంటరి బల్బు, సమాంతరంలోని రెండు బల్బులు సమానంగా వెలుగుతాయి. శ్రేణిలోని రెండూ అంతకంటే మసకగా, తమలో తాము సమానంగా వెలుగుతాయి. విశ్వవిద్యాలయంలో కలనగణితంతో భౌతికశాస్త్రం చదివే విద్యార్థుల్లో సరైన జవాబు చెప్పినవారు దాదాపు 15 శాతమే. పాఠం చెప్పకముందు అడిగినా, చెప్పిన తర్వాత అడిగినా ఆ అంకె పెద్దగా మారలేదు. 2004లో ఎంగెల్‌హార్ట్, బైక్నర్ 29 ప్రశ్నల పరీక్ష ఒకటి తయారుచేసి 1,135 మందికి పెట్టారు. సగటు 48 శాతం. ఉన్నత పాఠశాల వాళ్లకు 41, విశ్వవిద్యాలయం వాళ్లకు 52. ఏళ్ల చదువు తెచ్చిన తేడా పదకొండు శాతం పాయింట్లే.

ఈ అంకెలను అతిగా చదవకూడదు. అవి బోధన పనికిరాదని చెప్పవు. సూత్రంలో అంకెలు పెట్టి జవాబు రాబట్టగలగడం, వలయం ఎలా నడుస్తుందో తెలియడం వేర్వేరు సామర్థ్యాలని, మొదటిదాన్ని నేర్పితే రెండోది తనంతట రాదని మాత్రం చెబుతాయి. మన పబ్లిక్ పరీక్షలు ఎక్కువగా మొదటిదాన్నే కొలుస్తాయి కాబట్టి రెండోదాని లోటు మార్కుల్లో కనిపించదు.

గెయార్గ్ సైమన్ ఓమ్ కూడా బడిపంతులే. కొలోన్ నగరంలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం చెబుతూ ఆయన ఈ ప్రయోగాలు చేశారు. 1825లో ప్రచురించిన మొదటి ఫలితం సరైనది కాదు. అప్పటి వోల్టా ఘటాల బలం ప్రయోగం జరుగుతుండగానే మారిపోయేది. భౌతికశాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహా మీద ఆయన ఘటాలను వదిలి, బిస్మత్–రాగి అతుకులతో చేసిన ఉష్ణయుగ్మానికి మారారు. ఒక అతుకు మరిగే నీటిలో, ఇంకొకటి మంచులో. వోల్టేజి నిలకడగా ఉంది. పొడవు మారే రాగి తీగలతో 1826లో ఆయన రాబట్టిన సంబంధం నేటి పాఠ్యపుస్తకంలో కనిపించే మూడక్షరాల సూత్రంలా ఉండదు. జనకం బలాన్ని రెండు అంకెల మొత్తంతో భాగిస్తే కరెంటు బలం వస్తుంది. ఆ రెండింటిలో ఒకటి పరీక్షిస్తున్న తీగ పొడవు. రెండోది తీగ మారినా మారని స్థిరాంకం, అంటే వలయంలో మిగిలిన భాగమంతటి నిరోధం. 1827లో పుస్తకం వచ్చింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది.

ఆ రెండో అంకెను మనం పదో తరగతిలో వదిలేస్తున్నాం. బ్యాటరీకి నిరోధం లేదు, కలిపే తీగలకు నిరోధం లేదు, ఉన్నదంతా బల్బుకే అన్న ఊహ మీద లెక్కలు నడుస్తాయి. మొదటి మెట్టుగా అది అవసరమే. గుంతకల్లు పిల్లలు బయట చూసే విద్యుత్తులో మాత్రం, వదిలేసిన ఆ అంకెదే పెత్తనం. చివరి బోరు సమస్య ఉన్నది మోటారులో కాదు, దానిదాకా వచ్చే తీగలో.

దీన్ని బల్ల మీదే చూపవచ్చు. 6 వోల్టుల బ్యాటరీ, దానికి శ్రేణిలో 5 ఓమ్‌ల నిరోధం. ఈ 5 ఓమ్‌లే మన లైన్. లైన్ చివర 10 ఓమ్‌ల నిరోధం ఒకటి తగిలిస్తే మొత్తం 15 ఓమ్‌లు, కరెంటు 0.4 ఆంపియర్లు. లైన్‌లో 2 వోల్టులు పోగా చివర 4 వోల్టులు మిగులుతాయి. ఇప్పుడు దాని పక్కనే సమాంతరంగా ఇంకో 10 ఓమ్‌లు పెట్టండి. చివరి భాగం నిరోధం 5 ఓమ్‌లకు తగ్గింది, మొత్తం 10. బ్యాటరీ ఇచ్చే కరెంటు 0.6కు పెరిగింది. లైన్‌లో పోయేది 3 వోల్టులు, చివర మిగిలేది 3 వోల్టులు. ఒక్కోదాని వాటా 0.3 ఆంపియర్లు. మూడోది కూడా పెడితే మొత్తం కరెంటు 0.72, చివరి వోల్టేజి 2.4, ఒక్కోదానికి 0.24.

ఈ చిన్న పట్టికలో మూడు అపోహలు ఒకేసారి బయటపడతాయి. బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందనుకునే విద్యార్థికి 0.4, 0.6, 0.72 ఎదురు నిలుస్తాయి. నిరోధాలు పెంచుకుంటూ పోతే మొత్తం నిరోధం పెరగాల్సిందే అనుకునేవారికి 15, 10, 8.33 ఎదురవుతాయి. మొదటిది కరెంటు "తినేస్తే" రెండోదానికి తగ్గుతుందనే వారికి, మూడు నిరోధాల్లోనూ సమానమైన 0.24 జవాబు చెబుతుంది. తగ్గింది ఒకదానికి కాదు, అన్నిటికీ. తగ్గించింది పక్క నిరోధం కాదు, లైన్‌లో పెరిగిన కరెంటు. ముందు ఏమవుతుందో రాయించి, తర్వాత మీటరు పెట్టి చూపడం ఇక్కడ ముఖ్యం. ఊహించి రాయని విద్యార్థి మీటరు చూపిన ప్రతి అంకెనూ తాను అనుకున్నదేనంటాడు.

లైన్ నిరోధానికి నిక్రోమ్ తీగ వాడితే దాని పొడవునా వోల్టేజి కొద్దికొద్దిగా తగ్గడం కూడా కొలవవచ్చు. 2024–25 నుంచి ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో అర మీటరు నిక్రోమ్ తీగ, 1.5 వోల్టుల ఘటాలు నాలుగు ఎలాగూ ఉన్నాయి. సామగ్రి కొత్తగా కొనాల్సింది తక్కువ. అంతకుముందున్న రాష్ట్ర పుస్తకంలో ఇనుప చువ్వతో పాటు ఎల్‌ఈడీని కూడా పరీక్షించి, రెండోది ఓమ్ నియమాన్ని పాటించదని చూపించే కృత్యం ఉండేది. నా అభిప్రాయంలో అది మంచి కృత్యం. పుస్తకం మారినా ఉపాధ్యాయులు దాన్ని కొనసాగించాలి.

ఒక జాగ్రత్త. అయిదు బల్బుల ప్రశ్నను పాత ఘటాలతో ప్రయోగంగా చేస్తే, సమాంతరంలోని బల్బులు ఒంటరి బల్బు కంటే కొంత మసకగా కనిపిస్తాయి. "సమానంగా వెలగలేదు సార్" అన్న విద్యార్థి కళ్లు అబద్ధం చెప్పడం లేదు. పాత ఘటం అంతర్నిరోధమే అక్కడ లైన్ పాత్ర పోషిస్తోంది. ఆ పరిశీలనను కొట్టిపారేసి పుస్తకంలోని జవాబు రాయిస్తే, చూసినదాన్ని నమ్మకూడదని నేర్పినట్టవుతుంది. మొదట కొత్త ఘటాలతో, తర్వాత వాడేసిన ఘటాలతో ఒకే ప్రయోగం రెండుసార్లు చేయించడం మేలు. 1825లో ఓమ్‌ను ఇబ్బంది పెట్టిందీ నిలకడ లేని ఘటాలే.

ఇక బల్ల మీది లెక్కను చేనికి తీసుకెళ్దాం. పల్లెల్లో లైన్లకు వాడే అల్యూమినియం తీగల్లో "వీజిల్" రకం నిరోధం కిలోమీటరుకు సుమారు 0.93 ఓమ్‌లు. 415 వోల్టుల లైన్‌లో కిలోమీటరు దూరాన నాలుగు మోటార్లు, ఒక్కోటి 8 ఆంపియర్ల చొప్పున తీసుకుంటున్నాయనుకుందాం. ఒక్కో ఫేజులో 32 ఆంపియర్లు. తీగలో పోయేది దాదాపు 30 వోల్టులు. ఫేజుకు 240 ఉండాల్సిన చోట 210 మిగులుతుంది, అంటే పన్నెండున్నర శాతం లోటు. ఏసీలో పవర్ ఫ్యాక్టర్, తీగల ప్రేరణ ప్రభావం కూడా ఉంటాయి కాబట్టి ఇది స్థూలమైన అంచనాయే. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు ఈ స్థాయి సరఫరాలో అనుమతించిన హెచ్చుతగ్గులు 6 శాతం. బోరు లోపలి కేబుల్ నష్టం దీనికి అదనం. 200 మీటర్ల లోతుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే ఒక్కో తీగ నిరోధం 0.86 ఓమ్‌లు, నష్టం మరో 7 వోల్టులు. కేబుల్ సన్నబడేకొద్దీ ఆ నష్టం పెరుగుతుంది. బోరు లోతుకు తగిన కేబుల్ వేయమని మెకానిక్ పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థలు 2000ల నుంచి వ్యవసాయ లైన్లలో చేపట్టిన మార్పు, అధిక వోల్టేజి పంపిణీ పద్ధతి, ఈ పాఠానికి నేను చూసిన వాటిలో ఉత్తమమైన ఉదాహరణ. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి అక్కడి నుంచి పొడవాటి 415 వోల్టుల లైన్లు లాగడానికి బదులు, 11 కిలోవోల్టుల లైన్‌నే చేల దాకా తెచ్చి, కొద్దిపాటి మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. అంతే శక్తిని 11,000 వోల్టుల దగ్గర పంపితే కరెంటు దాదాపు 26 రెట్లు తగ్గుతుంది. మన 32 ఆంపియర్లు 1.2 అవుతాయి. అదే తీగలో నష్టం 30 వోల్టుల నుంచి సుమారు ఒక వోల్టుకు పడిపోతుంది. వేడిగా పోయే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, మూడు తీగల్లో కలిపి 2,850 వాట్ల దాకా ఉన్న నష్టం నాలుగు వాట్లకు చేరుతుంది. 5 హెచ్‌పీ మోటారు ఇచ్చే శక్తి 3,730 వాట్లని గుర్తుచేస్తే, పాత లైన్ ఎంత వృథా చేసేదో పిల్లలే చెప్పగలరు.

రైల్వే కుటుంబాల పిల్లలకు మరో ఉదాహరణ తలెత్తితే కనిపిస్తుంది. 1956లో ఏర్పడి, 1977లో దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చిన గుంతకల్లు డివిజన్‌లో రైలు ఇంజన్ల పైనున్న తీగలో ఉండేది 25 కిలోవోల్టులు. దాదాపు 4,500 కిలోవాట్ల గూడ్సు ఇంజనుకు ఆ వోల్టేజి దగ్గర 180 ఆంపియర్లు చాలు. ఒకప్పుడు ముంబయి లోకల్ రైళ్లు వాడిన 1,500 వోల్టుల దగ్గరైతే 3,000 ఆంపియర్లు కావాలి. పై తీగ ఎంత లావుండాలో తరగతిలో చర్చించవచ్చు.

ఇంతవరకూ ఓమ్ నియమం బాగానే తోడొచ్చింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాటవేస్తే పైన కట్టినదంతా కూలుతుంది. వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గుతుందని మనం చెబుతాం. "ఓల్టేజి తక్కువుంది, మోటరు వేయొద్దు, కాలిపోతుంది" అని ఇంట్లో నాన్న చెబుతాడు. కరెంటు తగ్గితే మోటారు చల్లగా ఉండాలి కదా? నాన్న మాటే నిజం. మోటారు స్థిరమైన నిరోధం కాదు. నీటిని పైకి తోడే పని దాదాపు అంతే ఉంటుంది కాబట్టి, వోల్టేజి కొంత తగ్గినప్పుడు మోటారు ఆ శక్తి కోసం ఎక్కువ కరెంటు లాగుతుంది. పన్నెండున్నర శాతం వోల్టేజి తగ్గితే కరెంటు స్థూలంగా 14 శాతం, వైండింగ్‌లో వేడి 30 శాతం దాకా పెరగవచ్చు. పంపు వేగం తగ్గడం వల్ల అసలు పెరుగుదల ఇంతకంటే కాస్త తక్కువే ఉండవచ్చు, కానీ దిశ మాత్రం అదే. మోటారు తిరగలేక ఆగిపోతే మామూలు కంటే అయిదారు రెట్ల కరెంటు తీసుకుంటుంది. తరగతిలో ఈ ప్రశ్న వస్తే ఉపాధ్యాయుడు సంతోషించాలి. లైన్ తీగ ఓమ్ నియమాన్ని పాటిస్తుంది, మోటారు పాటించదు, ఒకే వలయంలో రెండూ ఉన్నాయి. నియమం ఎక్కడ చెల్లుతుందో తెలియడం కూడా నియమం తెలియడంలో భాగమే.

పాత తరహా ఫిలమెంటు బల్బుతో ఇదే విషయాన్ని సులువుగా చూపవచ్చు. 230 వోల్టులు, 60 వాట్ల బల్బు నిరోధం లెక్క ప్రకారం సుమారు 880 ఓమ్‌లు. చేతిలోకి తీసుకుని మల్టీమీటరుతో కొలిస్తే అరవై, డెబ్బై ఓమ్‌ల దగ్గర చూపుతుంది. లెక్క తప్పు కాదు, మీటరూ తప్పు కాదు. వెలిగే ఫిలమెంటు వేడికి నిరోధం పన్నెండు రెట్లకు పైగా పెరుగుతుంది.

కరువు నేలకు సంబంధించిన మరో విషయం ప్రాణాలకు సంబంధించినది కూడా. ఎండిన మట్టి నిరోధం తడి మట్టి కంటే చాలా ఎక్కువ. ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయడానికి కారణం అదే. మోటారు స్టార్టరు పెట్టెకు ఫేజు తగిలిందనుకుందాం. ఎర్తు దారి నిరోధం మొత్తం 20 ఓమ్‌లైతే పారేది 12 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫీజు ఎగరదు. ఎండాకాలం అది 40 ఓమ్‌లైతే 6 ఆంపియర్లే. పెట్టె కరెంటుతోనే ఉంటుంది, ఫీజు నిక్షేపంగా ఉంటుంది. ముట్టుకున్న మనిషి ప్రాణం ప్రమాదంలో పడుతుంది. భాగాహారం ఒక్కటే, కానీ పదో తరగతి పిల్లలు ఇంటికి తీసుకెళ్లదగ్గ విషయాల్లో దీనికంటే ముఖ్యమైనది నాకు తోచలేదు.

వోల్టేజి అంటే రెండు చోట్ల మధ్య తేడా అన్న భావాన్ని ఎలా నాటాలన్న దానిపై ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయి. నీటి పోలిక అన్నిటికంటే పాతది. 1983లో డెడ్రె జెంట్నర్, డొనాల్డ్ జెంట్నర్ చూపించిన దాన్నిబట్టి, ఏ పోలికతో ఆలోచిస్తే దానికి అనువైన ప్రశ్నల్లోనే విద్యార్థులు రాణిస్తారు. నీటి పోలికతో బ్యాటరీల ప్రశ్నలు, మనుషుల గుంపు పోలికతో నిరోధాల ప్రశ్నలు. ఒక పోలిక అన్నిటికీ సరిపోదు. అనంతపురం జిల్లాలో డ్రిప్పు చూడని పల్లె అరుదు కాబట్టి, పైపు చివర ఒత్తిడి తగ్గడం పిల్లలకు కళ్లారా తెలిసిన విషయం. అది మేలు. అయితే చాలా డ్రిప్పర్లలో నీటి ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఒత్తిడి రెట్టింపైతే నీళ్లు రెట్టింపు కావు. అనుపాతం నేర్పడానికి డ్రిప్పును వాడితే తప్పుదారి పడతాం. చివరికి ఎందుకు తగ్గుతుందన్న ఒక్క సంగతికే దాన్ని పరిమితం చేయాలి. జర్మనీలో బుర్డే, విల్‌హెల్మ్ 2020లో ప్రచురించిన అధ్యయనం గాలి ఒత్తిడి తేడాతో మొదలుపెట్టి, వోల్టేజిని కరెంటు కంటే ముందు బోధించింది. 790 మంది విద్యార్థులతో చేసిన పోలికలో, అలవాటైన పద్ధతిలో చదివినవారికంటే వీళ్ల అవగాహన స్పష్టంగా మెరుగ్గా ఉంది. వరుస మార్చడం వల్ల లాభం ఉంటుందనడానికి నాకు తెలిసిన వాటిలో ఇది గట్టి ఆధారం. ఉపాధ్యాయులకు కొత్త సామగ్రి ఇచ్చి చేసిన అధ్యయనం కాబట్టి, మెరుగుదలలో ఏ భాగం పోలికది, ఏ భాగం వరుసది అని విడదీసి చెప్పలేం.

నాడు–నేడు కింద వచ్చిన పెద్ద తెరలున్న బడుల్లో కంప్యూటరు నమూనాలు కూడా వాడవచ్చు. 2005లో కొలరాడో విశ్వవిద్యాలయంలో నమూనా మీద సాధన చేసిన విద్యార్థులు, తర్వాత నిజమైన వలయం కట్టడంలోనూ ముందున్నారు. 2008లో ఫిన్లండులో యాక్కోలా, నుర్మి ప్రాథమిక పాఠశాల పిల్లల్లో చూసింది ఇంకొంచెం ఉపయోగకరం: నమూనా ఒక్కటే, పరికరాలు ఒక్కటే అన్నవాటి కంటే రెండూ కలిపి వాడినప్పుడే ఫలితం బాగుంది. తెర మీద తీగకు నిరోధం సున్నా అని పెట్టవచ్చు, బల్ల మీద అది కుదరదు. పిల్లలు ఈ తేడాను చూడాలి.

గుంతకల్లు, గుత్తి, ఉరవకొండ ప్రాంతాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. ప్రయోగాలన్నీ టార్చి ఘటాలతోనే చేయించండి. స్టార్టరు పెట్టె దగ్గరికి, ఇంటి ప్లగ్గు దగ్గరికి మీటరుతో ఎవరినీ పంపకండి. పాఠం మొదలుపెట్టే ముందు అయిదు బల్బుల ప్రశ్న, చివరి బోరు ప్రశ్న ఇచ్చి జవాబును కారణంతో సహా రాయించండి. పాఠం అయిన నెలకు అవే మళ్లీ అడగండి. మార్కులు వేయకండి. రెండు కట్టల కాగితాలనూ, తప్పు జవాబులతో సహా, దాచి పక్క బడి ఉపాధ్యాయుడి కాగితాలతో పోల్చండి. మన పిల్లలకు ఏ వరుస పనిచేస్తుందో తేల్చడానికి కావలసిన ఆధారం ఆ కాగితాల్లోంచే రావాలి.